నిజాంపేటలో ఫ్లాటు ధర తేల్చుకున్న తీరు - నా అనుభవం

అద్దెకివ్వడానికి హైదరాబాద్‌లో ఫ్లాటు కొందామనుకున్నప్పుడు, ముందు నాకు తేలాల్సింది ఒకటే: ఈ ఏరియాలో ఫ్లాట్లు నిజంగా ఎంతకు చేతులు మారుతున్నాయి? వెబ్‌సైట్లలో కనిపించేవన్నీ అమ్మేవాళ్లు అడిగే ధరలు. బ్రోకరు చెప్పేదీ అదే. అందుకే నిజాంపేట, బాచుపల్లి వైపు నచ్చిన ప్రతి అపార్ట్‌మెంటుకూ ముందుగా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల జాబితా) తీశాను.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలు దొరుకుతాయి. అమ్మకం ఎంట్రీలో ఉన్న మొత్తమే అసలు ధర అనుకోకూడదు. చాలామంది ప్రభుత్వ విలువకు దగ్గరగా రాయించుకుని మిగతాది నగదుగా ఇచ్చుకుంటారు. నేను పట్టి చూసింది ఆ తర్వాతి ఎంట్రీ: డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్. అంటే కొన్నవాళ్లు పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న ఇంటి అప్పుల్లో బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. అప్పు 48 లక్షలుందంటే, బ్యాంకు ఆ ఫ్లాటుకు కనీసం 60 లక్షలు విలువ కట్టిందన్నమాట. ఒకే బిల్డింగులో ఇలాంటివి మూడు నాలుగు దొరికితే ధర చాలావరకు తేలిపోతుంది. అమ్మకానికీ అప్పుకీ మధ్య ఏడాది తేడా ఉంటే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోను. అది టాపప్, అంటే పాత అప్పు మీద తర్వాత తెచ్చుకున్న అదనపు అప్పు అయ్యుండొచ్చు.

అద్దె సంగతి సెల్లార్‌లో తెలుస్తుంది. కరెంటు మీటర్లన్నీ ఒకే గోడకు ఉంటాయి, ఒక్కోదాని పక్కన ఫ్లాటు నంబరు రాసి ఉంటుంది. రీడింగులు రాసుకుని పది రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను. కదలని మీటరంటే ఆ ఫ్లాటు ఖాళీ. తాళాలు వాచ్‌మన్ దగ్గరుంటే దాన్ని అద్దెకివ్వడానికి పెట్టినట్టు. ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో అతన్నే అడగాలి. టు-లెట్ బోర్డు నంబర్లకు ఫోన్ చేసినప్పుడు చెప్పే అద్దెలో మెయింటెనెన్స్ కలిసుందో లేదో విడిగా అడగకపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

1,200 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ధర 72 లక్షలు, అద్దె 20 వేలు. పైకి చూస్తే ఏడాదికి 3.3 శాతం. కానీ రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, అంటే 5.4 లక్షలు. కబోర్డులకు నాలుగు లక్షలు. మొత్తం పెట్టుబడి 81.4 లక్షలు. ఏడాదికి ఒక నెల ఖాళీ, ఆస్తిపన్ను, రిపేర్లు తీసేస్తే చేతికొచ్చేది రెండు లక్షల చిల్లర. అంటే 2.5 శాతమే. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రాని కొత్త ఫ్లాటైతే జీఎస్టీ అదనం. అద్దె కోసం కొనేవాళ్లు బేరం 3.3 మీద కాదు, ఈ 2.5 శాతం మీదే ఆడాలి.

నీళ్ల సంగతికి ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ లెక్కల పుస్తకం అడిగి చూడండి, ట్యాంకర్ల ఖర్చు అందులో ఉంటుంది. వరద సంగతి సెల్లార్ గోడే చెబుతుంది. 2016 సెప్టెంబరు వానలకు నిజాంపేట భండారి లేఅవుట్ మునిగింది. ఆ చుట్టుపక్కల ఒక సెల్లార్‌లో గోడకు మూడడుగుల ఎత్తు వరకే కొత్త సున్నం కనిపించింది. పైన పాత రంగు అలాగే ఉంది. లిఫ్టు గుంతలోకి టార్చి వేస్తే ఎండిన బురద పొర.

ధర మరీ తక్కువగా ఉన్న ఒక ఫ్లాటు విషయంలో నేను దాదాపు అడ్వాన్సు ఇచ్చేసేవాణ్ణి. పర్మిషన్ కాపీ తెప్పిస్తే అది మార్ట్‌గేజ్ ఫ్లాటని తేలింది. బిల్డరు నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి పర్మిషన్ కాపీ, ఓసీ, తనఖా ఉంటే రిలీజ్ డీడ్ చేతికి రాకుండా ధర గురించి మాట్లాడటం లేదు.