ముప్పై ఎనిమిది కిలోల పత్తి

నవంబర్ 27, గురువారం. రాత్రి.

పొద్దున హన్మకొండలో పరకాల బస్సెక్కితే కూర్చునే జాగ లేదు. కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టి ముందుకు పోయాడు. సంచిలో ఎనిమిదో తరగతి పరీక్ష కాగితాలు. సగం దిద్దాను, మిగతా సగం దిద్దడానికి మనసు రాలేదు.

నిన్న పెట్టిన పరీక్ష అది. పది లెక్కలూ నాలుగు, ఐదు తరగతులవే. పాఠం బీజీయ సమాసాల దగ్గర నడుస్తోంది. కానీ రెండు వారాలుగా క్లాసులో ఎవరూ ఏమీ అడగడం లేదు. పిల్లలు అడగడం మానేశారంటే అర్థమైందని కాదు. అందుకే వెనక్కి పోయి చూద్దామనుకున్నా. హాజరైంది పందొమ్మిది మంది. మిగిలినవాళ్లు పత్తి ఏరడానికి పోయారు. నవంబర్ వస్తే మా దగ్గర హాజరు పట్టీ ఇట్లనే ఉంటుంది.

38 × 15 సరిగ్గా చేసింది ఏడుగురు. ఐదుగురి జవాబు మాత్రం ఒకటే, 228. కాపీ కొట్టారేమో అనుకున్నా, కాదు. ఐదుతో హెచ్చవేసి 190 రాశారు. ఒకటితో హెచ్చవేసి 38 రాశారు. ఆ 38ని ఒక స్థానం ఎడమకు జరపకుండా నేరుగా 190 కింద పెట్టి కూడారు. 15లో ఉన్న ఒకటి అంటే పది అని వాళ్లకు తెలియలేదు. ఇంకొకడు ‘నూట ఐదు’ను 1005 అని రాశాడు. నూరు రాసి పక్కన ఐదు పెట్టాడు, విన్నది విన్నట్టు. పాపం, వాడి లెక్కన అది సరైనదే.

ఇవాళ రెండో పీరియడ్‌లో ఆ 228 రాసినవాళ్లలో ఒక అమ్మాయిని లేపాను. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చుంటుంది, గొంతు పైకి రాదు. కాగితం చూపించలేదు. ఊరికే అడిగా: “బిడ్డా, కిలోకు పదిహేను రూపాయల చొప్పున ముప్పై ఎనిమిది కిలోల పత్తి ఏరితే కూలి ఎంత?”

కన్ను మూసి తెరిచేలోపు చెప్పింది. “ఐదొందల డెబ్బై మేడం.”

“ఎట్ల చేసినవ్?”

“నలభై కిలోలైతే ఆరొందలొస్తయి గద. రెండు కిలోలు తక్కువున్నయి, ముప్పై తీసేసిన.” కొంచెం ఆగి, “మొన్న మా అమ్మకు నలభై ఆరు కిలోలైతే మేస్త్రి ఆరొందల డెబ్బై ఇచ్చిండు. ఇంకో ఇరవై రావాలని నేనే చెప్పిన” అంది.

క్లాసంతా ఆమె దిక్కు చూసింది. నేను బోర్డు వైపు తిరిగి చాక్‌పీస్ తీసుకున్నా. చేయి ఒక్క క్షణం ఆగిపోయింది. రెండు వారాలుగా విభాగ న్యాయం, విభాగ న్యాయం అని నేను నోరు నొప్పి పుట్టేట్టు చెబుతున్నది ఈ పిల్ల చేలో కూర్చుని చేస్తోంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశా: 15 × (40 − 2) = 15 × 40 − 15 × 2. తర్వాత దాని కింద a(b − c) = ab − ac అని రాసి, “ఇది నీ లెక్కనే” అన్నా. మొదట ఆమె నమ్మలేదు. పుస్తకంలో పేజీ తీసి, వేలు పెట్టి పోల్చి చూసుకుంది.

తర్వాత క్లాసులో ఎప్పుడూ మొదటి మార్కు వచ్చే అబ్బాయిని కూడా నోటితో ఒక లెక్క అడిగా. కాగితం మీద వాడికి తప్పే పోదు. నోటితో అనేసరికి గాలిలో వేలితో అంకెలు రాసుకుంటూ నిలబడ్డాడు, జవాబు రాలేదు. వీడిది ఇంకో రకం వెలితి. మార్కుల జాబితాలో అది ఎవరికీ కనిపించదు.

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, ఇంకొందరు కలిసి చేసిన పరిశోధన ఒకటి 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో సరుకులమ్మే పిల్లలు బేరాల లెక్కలు చకచకా చెబుతారు, అవే లెక్కలు బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడతారు. బడి పిల్లలేమో కాగితం మీది లెక్క చేస్తారు, మార్కెట్ లెక్కకు తడబడతారు. చదివినప్పుడు అవునులే అనుకుని పక్కన పెట్టాను. ఇవాళ ఆ రెండు రకాల పిల్లలూ నా ఎదుట ఒకే గదిలో ఉన్నారు.

ఈ బ్యాచ్ సంగతి తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది. కరోనా వచ్చిన 2020లో వీళ్లు మూడో తరగతి. ఆ సెప్టెంబర్ 1 నుంచి పాఠాలు టీవీలోనే, టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో వచ్చాయి. ఆ ఏడాది ప్రాథమిక తరగతులకు బడి తలుపులే తెరుచుకోలేదు. స్థాన విలువ గట్టిపడాల్సిన ఏడాది అదే. ఐదుకొచ్చేసరికి, 2022లో, మీడియం ఇంగ్లిష్‌కు మారింది. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్నా, తండా నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో మాట ఈ రెండూ కాదు. ‘థర్టీన్’ అంటే ముప్పై రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకటి నుంచి ఐదు వరకు చదువు, లెక్కల పునాది గట్టిచేసే ‘తొలిమెట్టు’ కార్యక్రమం కూడా అదే 2022లో వచ్చింది. వీళ్లకు దాని కింద దక్కింది ఆఖరి ఏడాదే. పునాది లేని చోట నేను ఎనిమిదో అంతస్తు గోడ కడుతున్నాను. గోడ వంకర పోతే పిల్లల మీద ఎర్ర పెన్ను పెడుతున్నాను. ఇన్నేళ్లలో తప్పు పక్కన ఇంటూ పెట్టానే గాని, ‘ఎట్ల చేసినవ్’ అని ఎంతమందిని అడిగాను?

లంచ్‌లో స్టాఫ్ రూమ్‌లో చెప్పా: రేపటి నుంచి నా పీరియడ్‌లో మొదటి పావుగంట వెనకటి లెక్కలకే. తరగతి చూసి కాదు, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి గుంపులు చేస్తా. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండు వేసి కట్టలు కడతా, పది కట్టలు కలిస్తే నూరు. ఒక సార్ అన్నారు, “సిలబస్ ఎట్ల పూర్తయితది మేడం, పైనుంచి అడిగితే ఏం చెప్తరు?” ఆయన మాటా అబద్ధం కాదు. ఏ పాఠం ఎప్పటికి అయిపోవాలో కాగితం వస్తుంది, పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అడిగే కాగితం రాదు. అయినా చేస్తా. గుంపులకు మాత్రం ‘వెనుకబడినవాళ్లు’ అనే పేరు పడనివ్వను.

సాయంత్రం బెల్ కొట్టాక ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది. “రేపు, ఎల్లుండి రాను మేడం. ఏరుడున్నది.” వద్దని గట్టిగా అనలేకపోయా. ఇంటి సంగతి నాకు తెలుసు. రేపు వాళ్లమ్మకు ఫోన్ చేయాలి, కనీసం ఒక్క రోజైనా పంపమని. ఒక తెల్ల కాగితం ఇచ్చి, రోజూ అమ్మ ఎన్ని కిలోలు ఏరిందో రాసుకుని, కూలి రెండు పద్ధతుల్లోనూ కట్టి తెమ్మన్నా. నోటి లెక్క ఒక పక్క, బడి లెక్క ఇంకో పక్క.

“రెండూ ఒకటే రావాలె గద మేడం?”

“రాకపోతే ఎందుకు రాలేదో సోమవారం ఇద్దరం చూద్దాం.”

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కంపాస్ బాక్సులో దాచుకుంది.

వచ్చేటప్పుడు బస్సుకు ముందు పత్తి ట్రాక్టర్ ఒకటి, ఎనుమాముల మార్కెట్‌కు కావచ్చు, మెల్లగా పోతోంది. ఓవర్‌టేక్ చేసే సందు లేక చాలాసేపు దాని వెనకే వచ్చాం. ఇంటికి చేరేసరికి ఏడున్నర. తిన్నాక మిగిలిన కాగితాలు తీశా. ఎర్ర పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ పట్టుకున్నా. 228 ఉన్న ఐదింటి మీదా ఒక్క మాటే రాశా: “ఎట్ల చేసినవో నాకు చెప్పు.”