మళ్ళీ అదే ఎక్సెల్ షీటు

మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే మావాడు మళ్ళీ ఓ ఎక్సెల్ షీటు కొనుక్కొచ్చాడు. విజయవాడ మెడికల్ షాపుల ఫోన్ నంబర్లట. వాడి ఉత్సాహం నాకు కొత్త కాదు. సగం నంబర్లు ల్యాబుల వాళ్ళవి, మిగతావి కౌంటర్ మీద కుర్రాడు ఎత్తేవి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాలా వద్దా అన్నది ఆ కుర్రాడి చేతుల్లో ఉంటుందా? పైగా ఫోన్లు చేసేది సాయంత్రం ఏడింటికి! సూర్యారావుపేటలో డాక్టర్ల ఓపీ జోరుగా నడిచే వేళ, కౌంటర్ ముందు చీటీలు పట్టుకుని జనం. ఓనరు నిదానంగా దొరికేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యే. అదీ 11, 20 తేదీల దగ్గర వద్దు, జీఎస్టీ రిటర్నుల గోలలో ఉంటారు.

2025 సెప్టెంబరు 22 గుర్తొస్తోంది. చాలా మందుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగిన రోజు. అల్మారాలో సరుకేమో 12 శాతం కట్టి కొన్నది, స్ట్రిప్పు మీద పాత ఎమ్మార్పీ, బిల్లు మాత్రం కొత్త ధరకి కొట్టాలి. అప్‌డేట్ రాని షాపుల్లో ఒక్కో ఐటమ్‌కీ రేటు చేత్తో మార్చుకోవడమే గతి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడికి అంతకన్నా మంచి వారం ఉంటుందా? డెమో మాటెత్తక్కర్లేదు, "రేట్లు మార్చుకున్నారా అండీ" అంటే చాలు, కుర్చీ వేసి కూర్చోబెడతారు. జీఎస్టీ మొదలైన 2017 జూలైలోనూ ఇంతే.

అలాంటి రోజులు ఏటా రావుగా. మామూలు రోజుల్లో అడగాల్సింది ఎక్స్‌పైరీ డబ్బా, అంటే గడువు తీరే మందులు పడేసి ఉంచే డబ్బా సంగతి. వాపసుకిచ్చిన గడువులోపు స్టాకిస్టుకి, అంటే సరుకిచ్చే హోల్‌సేలరుకి, తిప్పి పంపకపోతే ఆ సొమ్ము మన ఖాతాలో తగ్గించే క్రెడిట్ నోట్ రాదు, ఆ డబ్బు పోయినట్టే. వచ్చే మూడు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచ్‌ల జాబితా వాళ్ళ స్టాకులోంచే తీసి చూపిస్తే ఓనరు ముఖం వెలుగుతుంది. బావుంటుంది ఆ క్షణం.

రాస్తూంటే అనిపిస్తోంది, ఆ షీటు మరీ చెత్తేం కాదు. జీఎస్టీ నంబరు కాలమ్ ఉంది. 37తో మొదలైతే మన రాష్ట్రమే. పోర్టల్లో కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, మామూలు (రెగ్యులర్) పద్ధతా, చిన్న వ్యాపారుల సులువు పన్ను పద్ధతైన కాంపోజిషనా తెలిసిపోతాయి. ఈమధ్యే నంబరు తీసుకున్నవాళ్ళని ముందు కలవాలి. పాత షాపు పాత డేటాని అంత తేలిగ్గా వదలదు.

పాత సాఫ్ట్‌వేర్లోంచి ఆ డేటాని ఎక్సెల్ ద్వారా కొత్తదానిలోకి తెచ్చుకోవడమూ ఓ తలనొప్పి. 24E105 అన్న బ్యాచ్ నంబరుని ఎక్సెల్ ఏదో పెద్ద సంఖ్య అనుకుని మార్చేస్తుంది. 2026 ఆగస్టులో ఎక్స్‌పైరీ అని రాసే 08/26, అమెరికా పద్ధతి తేదీలున్న కంప్యూటర్లో ఈ ఏడాది ఆగస్టు 26 అయి కూర్చుంటుంది. ఆ రెండు కాలమ్‌లూ ముందే టెక్స్ట్‌గా పెట్టాలి. డోలో 650 స్ట్రిప్పులో 15 మాత్రలు, మరోదానిలో 10. ప్యాకింగ్ చూసుకోకపోతే విడిగా నాలుగు మాత్రలు అమ్మగానే స్టాకు తప్పు.

ఇవన్నీ దాటినా అసలు గేటు దగ్గర ఉండేది అకౌంటెంటు. జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను ఫైలు ఆయనకి అలవాటైన తీరులో రాలేదో, ఓనరుకి ఎంత నచ్చినా వచ్చే నెల పాత సాఫ్ట్‌వేరే తెరుస్తారు.