షుగర్ వచ్చాక నా క్యారేజీ

నాకు షుగర్ ఉందన్న అనుమానం మొదట వచ్చింది కళ్ళు చూసినాయనకి. విశాఖలో జగదాంబ దగ్గర ఒక బట్టల షాపులో చీరల సెక్షన్లో పనిచేస్తాను, ఉన్నట్టుండి ధర చీటీల మీద అంకెలు అలుక్కుపోయినట్టు కనిపించడం మొదలైంది, నలభై దాటాయి కదా అద్దాలు మార్చుకుంటే సరిపోతుందని వెళ్తే ఆయన అద్దాలు రాయలేదు. "ముందు రక్తపరీక్ష చేయించుకోండమ్మా, షుగర్ ఎక్కువున్నప్పుడు చూపు ఇలాగే మారుతుంది, ఇప్పుడు అద్దాలిస్తే తగ్గాక అవి పనికిరావు" అన్నారు. ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. అప్పటికే దాహం, రాత్రిళ్ళు బాత్రూమ్‌కి లేవడం, జాకెట్లు వదులవడం అన్నీ ఉన్నాయి, కానీ విశాఖ ఉక్కలో మే నెలలో దాహం వేయనిది ఎవరికి?

పరగడుపున 212, తిన్నాక 340, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 10.4. ఆ టెస్టులో 6.5 దాటితే షుగర్ ఉన్నట్టే. డాక్టరమ్మ మెట్‌ఫార్మిన్, దాంతోపాటు గ్లిమిపిరైడ్ అని షుగర్ తగ్గించే మాత్రలు రాసి, ఇంకో మాట చెప్పారు. అన్నం మానేస్తే నెల రోజులు ఉంటారు, తర్వాత మళ్ళీ మొదలెడతారు, అందుకని మానకండి, కొలిచి తినండి, వేలు పొడిచి షుగర్ చూసే మిషన్ కొనుక్కుని తిన్న రెండు గంటలకి చూసుకోండి, 180 లోపు ఉండాలి అన్నారు.

ఇంటికొచ్చేసరికి కంచరపాలెంలో మా వీధి వీధంతా డాక్టర్లే. పంచదార మానేసి అనకాపల్లి బెల్లం వాడమని ఒకరు, పొద్దున్నే చోడి, అదే రాగి, అంబలి తాగితే షుగర్ దగ్గరికే రాదని ఒకరు, అన్నం బదులు కొర్రలు ఎంత తిన్నా ఫరవాలేదని ఇంకొకరు. అందరూ ప్రేమతో చెప్పినవాళ్ళే. కానీ బెల్లంలో ఉన్నదీ చాలావరకు ఆ చక్కెరే, ఒంట్లోకి వెళ్ళాక రక్తానికి రెండూ ఒకటే. కొర్రల్లో పీచు ఎక్కువ, నిదానంగా అరుగుతాయి, నిజమే, అయినా అరిగాక చక్కెరగా మారే పిండిపదార్థం వాటిలోనూ దండిగానే ఉంది, కంచం నిండా పెట్టుకుంటే మిషన్ చెప్పేస్తుంది.

చోడి సంగతి కాస్త వివరంగా చెప్తాను, మన ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో అందరికీ అవసరం. అత్తయ్య మెత్తటి చోడి పిండి పల్చగా కాచి పెద్ద గ్లాసుతో ఇచ్చారు, అది తప్ప ఇంకేం తినలేదు, రెండు గంటలకి 214. తర్వాత ఇంకో రోజు అదే పిండిలో మునగాకు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి మందంగా రొట్టె వేసి పల్లీల పచ్చడితో తింటే 152 వచ్చింది. మెత్తగా విసిరిన పిండి జావలా తాగితే గబగబా రక్తంలోకి ఎక్కిపోతుంది, ఆకు, పల్లీలు, నూనె తోడైతే కడుపులో ఆగి నెమ్మదిగా దిగుతుంది. అత్తయ్య ఆ అంకెలు స్వయంగా చూశారు, ఆ రోజు నుంచి రొట్టె ఆవిడే వేస్తున్నారు.

నా అసలు కష్టం మధ్యాహ్నం. షాపులో గిరాకీ ఉంటే క్యారేజీ తెరిచేసరికి మూడు, అప్పటికి ఆకలి మండిపోతుంది, అన్నం, సాంబారు, బంగాళాదుంప వేపుడు, అంతా ఒక్క ఊపున లోపలికి వెళ్ళిపోయేది. అలా తిన్న రోజు 236. ఇప్పుడు క్యారేజీలో పెద్ద గిన్నె కూరది, చిన్న గిన్నె అన్నానిది. అన్నం 150 గ్రాములు, ఇంట్లో త్రాసు మీద తూచి ఆ కొలతకి సరిపడే కప్పు ఒకటి పెట్టుకున్నాను, అందులో 40 గ్రాముల పైనే పిండిపదార్థం ఉంటుంది, ఒక పూటకి నాకు అంతే. కూర అంటే గోరుచిక్కుడు, ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, తోటకూర, రైతుబజార్లో ఏది లేతగా దొరికితే అది. ముందు కూర సగం ఉత్తదే తింటాను, దాంతోపాటు గుడ్డో చేప ముక్కో, అన్నం చివర్న. పీచు, మాంసకృత్తులు ముందు వెళ్తే వెనకాల వెళ్ళే అన్నం అంత వేగంగా చక్కెరగా మారదు. మన ఊళ్ళో చేపకి కరువేముంది, వంజరమే అక్కర్లేదు, కవళ్ళు, నెత్తళ్ళు చవగ్గా వస్తాయి, చేపలో పిండిపదార్థమే లేదు. కవళ్ళ పులుసు, గోరుచిక్కుడు కూర, కప్పు అన్నం తిన్న రోజు 158 చూసి షాపులోనే కళ్ళు చెమర్చాయి, నా తిండి నా చేతిలో ఉందని మొదటిసారి నమ్మకం కుదిరింది.

మిషన్లో పెట్టే స్ట్రిప్పులు ఖరీదు కాబట్టి రోజూ పొడుచుకోను, కొత్తది ఏదైనా తిన్నప్పుడే చూస్తాను. తిన్నాక కూర్చోను కూడా, పై అంతస్తు నుంచి స్టాకు తెచ్చే పని నేనే అడిగి తీసుకుంటాను, మెట్లెక్కి దిగితే కండరాలు ఆ చక్కెరని అప్పటికప్పుడు వాడేసుకుంటాయి. రాత్రి భోజనం అయ్యాక వీధిలో పావుగంట నడక.

ఇవన్నీ చేస్తున్న రోజుల్లోనే ఆషాఢం డిస్కౌంట్లు వచ్చాయి. జనం తోసుకుంటున్నారు, పొద్దున్న మాత్ర వేసుకున్నాను, నాలుగున్నరయినా క్యారేజీ తెరవనివ్వలేదు. చీర మడత పెడుతుంటే చేతులు వణికాయి, వీపంతా చల్లటి చెమట, ఎదురుగా ఉన్నావిడ ఏం అడుగుతోందో అర్థం కాలేదు. పక్క కౌంటర్ అమ్మాయి "అక్కా, కూర్చో" అని లాగింది, మిషన్లో 58. డెబ్భై కంటే తగ్గితే ప్రమాదమే. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించింది, పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 84, అప్పుడు అన్నం తిన్నాను. ఎక్కువవడం గురించి అందరూ చెప్తారు, తగ్గిపోవడం గురించి చెప్పేవాళ్ళు తక్కువ, అందుకే రాస్తున్నాను. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు మనం తినకపోయినా షుగర్ తగ్గిస్తూనే ఉంటాయి, అందుకే అవో, ఇన్సులినో వాడేవాళ్ళు పూట తప్పకూడదు, అన్నం తగ్గించాలనుకుంటే ముందు డాక్టరుకి చెప్పాలి, మందు కూడా దానికి తగ్గట్టు మార్చాల్సి రావచ్చు. ఆ మర్నాడే మా ఓనర్ దగ్గరికెళ్ళి ఒంటిగంటన్నరకి భోజనానికి పంపమని గట్టిగా అడిగాను, ఒప్పుకున్నారు. బ్యాగులో పంచదార పొట్లం ఎప్పుడూ ఉంటుంది.

పండగలకి నోరు కట్టేసుకోను. సంక్రాంతికి అరిసె ఒకటి, భోజనంలో సగం అన్నం తీసేసి దాని బదులు. బీచ్‌కి వెళ్తే మరమరాల మురీ మిక్చర్ బదులు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. మామిడిపండు రెండు ముక్కలు, రసం తీసి మాత్రం తాగను.

కొన్ని వారాలకే చూపు కుదుటపడింది. హెచ్‌బీఏ1సీ ముందు 7.9కి, ఆ తర్వాత 6.7కి వచ్చింది, ఆ టెస్టు చూసేది ఎర్రరక్తకణాలకి అంటుకున్న చక్కెరని, ఆ కణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయట, అందుకే ఆ టెస్టు వారం వారం చేయించినా లాభం లేదు. గ్లిమిపిరైడ్ డాక్టరమ్మే ఆపేశారు, మెట్‌ఫార్మిన్ కొనసాగుతోంది. ఏడాదికోసారి కంటి లోపలి పొర, కిడ్నీ పరీక్షలు, రోజంతా నిలబడే పని కాబట్టి రాత్రి పడుకునేముందు పాదాలు చూసుకోవడం, ఇవి మాత్రం వదలను.

పోయిన నెల పట్టుబట్టి మా ఆయనకీ అదే టెస్టు చేయించాను, 6.1 వచ్చింది, షుగర్‌కి ముందు మెట్టు. ఆయనకి మందులేం రాయలేదు, తిండి, నడక చూసుకుని ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. ఇప్పుడు రెండు క్యారేజీలూ ఒకే కొలతలో కడుతున్నాను, మొదటి వారం గొడవ పెట్టారు, బంగాళాదుంప వేపుడు ఆదివారానికి ఒప్పందం కుదిరింది.