52లోంచి 27

పదకొండు దాటింది. స్లిప్ టెస్టు, అంటే క్లాసులో పెట్టే చిన్న పరీక్ష, పేపర్లు కట్ట కట్టేశాను కానీ సాయంత్రం గ్రూపులో వచ్చిన ఆ సందేశం ఇంకా గుచ్చుతూనే ఉంది. ఉపాధ్యాయుల్లో ప్రేరణ పెంచే సమావేశమట, శనివారమట, హాజరు ఫోటో తప్పనిసరట. అత్తయ్య పడుకున్నారు, లేకపోతే ఆవిడతోనే చెప్పుకునేదాన్ని.

మాకు లేనిది ప్రేరణా? నాలుగో తరగతి పేపర్లు 38. ఒక్కోదానికి మూడు నిమిషాలంటే దాదాపు రెండు గంటలు. స్లిప్ టెస్టుకు 20 మార్కులు, భాగస్వామ్యానికి, రాత పనికి, ప్రాజెక్టుకు పదేసి, మొత్తం 50. రిజిస్టరులో ఎక్కించాలి, మళ్లీ అవే అంకెలు ఫోనులో ఎక్కించాలి. మధ్యలో నెట్ పోతే మళ్లీ మొదటి పేరు దగ్గర్నుంచి. ఇంతా చేసి పంపితే, 14 మంది 52లోంచి 27 తీసేసి 35 ఎందుకు రాశారని ఒక్కరూ అడగరు. ‘పంపారా?’ అన్నదొక్కటే.

ఆ 35 అజాగ్రత్త కాదు. అజాగ్రత్తయితే తలా ఒక తప్పు చేసేవాళ్లు. రెండులోంచి ఏడు పోదు, అందుకని ఏడులోంచి రెండు తీశారు. ‘పక్కనుంచి అప్పు తెచ్చుకో’ అని నేర్పింది మనమే. అప్పంటే తిరిగి ఇవ్వాలి కదా, పిల్లలకు అక్కడే తికమక. కిందటేడు చీపురుపుల్లలతో చెప్పిన పాఠం గుర్తొస్తోంది. పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇందులోంచి ఇరవై ఏడు ఇవ్వమంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఒక పిల్ల ఆ రెండు పుల్లలూ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. అలాంటప్పుడు టీచరు నోరు తెరవకూడదు, అదే అన్నిటికన్నా కష్టం. చివరికి ఒక కట్ట విప్పి, ‘బారా హో గయే టీచర్!’ అంది. పన్నెండులోంచి ఏడు, మిగిలిన నాలుగు కట్టల్లోంచి రెండు. ఇరవై ఐదు. ఆ తర్వాత నోటుబుక్కులో 5 కొట్టేసి 4, 2 మీద 12 తనంతట తనే వేసుకుంది.

మమ్మల్ని బడికి నడిపించేది ఇదే, డబ్బు కాదు అని రాయబోయి ఆగాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ఆర్థికవేత్తలు మురళీధరన్, సుందరరామన్ చేసిన పరిశోధన, 2011లో అచ్చయింది, ఆ మాట చెప్పనివ్వదు. పిల్లల మార్కులు పెరిగితే టీచరుకు బోనస్, సగటున ఏడాది జీతంలో 3 శాతం. రెండేళ్లలో లెక్కలూ భాషా రెండూ మెరుగయ్యాయి. టీచర్ల హాజరు మాత్రం మారలేదు. వచ్చిన రోజుల్లోనే అదనపు క్లాసులు తీసుకున్నామని, ప్రాక్టీసు పరీక్షలు పెట్టామని వాళ్లు చెప్పారు.

అంటే డబ్బుకూ కదులుతాం. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ డబ్బు పిల్ల నేర్చుకుందా లేదా అన్నదానికి ముడిపడి ఉంది. శనివారం ఫోటో దేనికి ముడిపడి ఉందో నాకు అర్థం కావడం లేదు.

రేపు ఆ 14 మందినీ నాలుగు గుంపులుగా కూర్చోబెట్టాలి. గుంపుకు 52 చొప్పున 208 పుల్లలు, 20 రబ్బరు బ్యాండులు. ఇంట్లో చీపురు సరిపోదు. పొద్దున్నే మోండా మార్కెట్లో ఇంకొకటి కొనాలి.