గోపాల్‌పూర్ ఇసకలో మూడు గుంటలు

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా కవిటిలోని మా తోటని పడగొట్టింది. అప్పట్నుంచీ సముద్రం వైపున్న ఎకరం ఖాళీగానే ఉంది. నాన్నకి డెబ్బై మూడేళ్ళు. మళ్ళీ కొబ్బరి వేస్తే కాపు ఎప్పుడొస్తుందో అని ఆయన బెంగ. అందుకని ఈసారి మొత్తం సరుగుడు వేసేద్దామన్నాడు. నాలుగైదేళ్ళలో కోతకొస్తుంది, లారీ తోట దగ్గరికే వస్తుంది, కూలీల టెన్షన్ ఉండదు. ఆ లెక్క తప్పని నేననను. కానీ మనసు ఒప్పుకోలేదు, ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను కూడా. ఈ గొడవంతా విని బరంపురం నుంచి మా బావ ఫోన్ చేశాడు. "ఇక్కడికొచ్చి చూడరా. మా తీరం పొడుగునా పాత సరుగుడు తోటలున్నాయి. కింద ఇసక ఏమైందో నీ చేత్తో తవ్వి చూసుకో, తరవాత మావయ్యతో మాట్లాడదాం" అన్నాడు.

మే నెలాఖరు, వాన చుక్క లేదు. సోంపేటలో పొద్దున్నే రైలెక్కాను. ఇచ్ఛాపురం దాటాక స్టేషన్ బోర్డుల మీద లిపి మారింది గానీ పెట్టెలో మాటలు మారలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా బరంపురం ఉన్న ఈ గంజాం జిల్లా మద్రాసు కిందే ఉండేది కదా, బరంపురం బజారులో ఇవాళ్టికీ తెలుగులో బేరమాడి కూరగాయలు కొనుక్కోవచ్చు. అక్క పెట్టిన ఉప్మా తిని, ఒక బొరిగె, రెండు నీళ్ళ సీసాలు సంచీలో వేసుకుని బావ బండి మీద గోపాల్‌పూర్ తీరానికి బయల్దేరాం.

మా బావ ఆర్మీలో ఉన్నప్పుడు చాలాకాలం బికనీర్, జైసల్మేర్ వైపు చేశాడు. ఎడారంటే ఆయనకి పుస్తకాల్లో చదివింది కాదు, కళ్ళలో పడ్డ ఇసక.

మొదటి గుంట ఊరు దాటాక, అలలకి కాస్త ఎగువన, ఉత్త ఇసక మీద తవ్వాం. జానెడు లోతుకి వెళ్ళేసరికి పక్కలు జారిపోయి గుంట పూడిపోయింది. సీసాలో సగం నీళ్ళు పోస్తే చూస్తుండగానే మాయం. ఇక్కడ ఏడాదికి 1200 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది, జైసల్మేర్‌లో 200కి అటూ ఇటూగానే పడుతుంది. అంటే ఇది ఎడారి కాదు. అయినా బంకమట్టి లేని, ఆకు కుళ్ళు లేని ఇసకకి ఎంత వాన పడితే మాత్రం ఏం మిగులుతుంది? నీళ్ళూ నిలవవు, వేసిన ఎరువూ నిలవదు, వాటితోపాటే కిందికి దిగిపోతుంది. ఆ ఉత్త ఇసక మీద కూడా బాలబందు తీగ పాకి ఉంది, పక్కనే రావణుడి మీసాల గడ్డి, కొంచెం ఎగువన మొగలి పొదలు. నాకు ముందుగా కళ్ళు తెరిపించింది అదే. ఎవరూ నాటకుండానే ఇసక తనంతట తాను తీగ, గడ్డి, పొద అని వరస పెట్టుకుంటోంది, చెట్టు ఆ వెనక వస్తుంది. మనమే ముందువన్నీ వదిలేసి ఒకేసారి చెట్టు దగ్గరికి వెళ్ళిపోతాం, అదీ ఒకే రకం చెట్టు దగ్గరికి.

రెండో గుంట ఆర్యపల్లి వెళ్ళే దారిలో ఒక సరుగుడు తోపులో. ఒడియాలో దీన్ని ఝాఉ అంటారు. లోపలికి అడుగు పెట్టగానే గాలి తగ్గింది, ఎగిరే ఇసక ఆగింది. ఆ మేలు చిన్నది కాదు, వెనక ఉన్న పొలాలనీ ఇళ్ళనీ కాసేది అదే. పైగా సరుగుడు వేళ్ళకి బుడిపెలుంటాయి, వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాల్లోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది. అందుకే పిండిలాంటి ఇసకలో కూడా అంత జోరుగా పెరుగుతుంది. మరి కింద మట్టి సంగతేమిటి? సూదుల్లాంటి తుక్కు నాలుగు వేళ్ళ మందాన పరుచుకుని ఉంది. దాన్ని తప్పించి నీళ్ళు పోస్తే ఇంకలేదు! తామరాకు మీద బొట్ల లాగా దొర్లి పక్కకి పోయాయి. ఎండాకాలంలో ఆ తుక్కులోని మైనం లాంటి పదార్థం ఇసక రేణువులకి పట్టేసి నీటిని తోసేస్తుంది. రెండంగుళాల కింద మళ్ళీ అదే తెల్ల ఇసక. ఇంకో మొక్క మొలిచిన జాడ దాదాపు లేదు. ఆ తుక్కు త్వరగా కుళ్ళదు, కుళ్ళేలోపే పొయ్యిలోకని ఊడ్చి గంపలకెత్తుకుపోతారు, వాళ్ళ అవసరం వాళ్ళది. కలప లారీలో పోయి, తుక్కు పొయ్యిలో పోతే ఇసకకి మిగిలేదేముంది అని అక్కడ నిలబడే లెక్కేసుకున్నాను. నాన్న లెక్కలో లేని పద్దు ఇదే.

చెట్టు కింద కూర్చున్నాక బావ థార్ ఎడారి సంగతులు ఎత్తాడు. ఇందిరా గాంధీ కాలువ వెంట వరసలు వరసలుగా నాటిన శీషం చెట్లు కొన్నిచోట్ల ఒకదాని వెంట ఒకటి ఎండిపోవడం ఆయన చూశాడట. ఒకే జాతి అయితే ఒక తెగులు చాలు. చైనాలోనూ ఇదే జరిగింది, ఎడారిని ఆపడానికి 1978లో మొదలుపెట్టిన అడవుల గోడలో పాప్లర్ ఒక్కటే వేసిన చోట్ల కాండం తొలిచే పురుగు పడి, నింగ్‌షియా ప్రాంతంలో తోటలకి తోటలే కొట్టేయాల్సొచ్చింది. దీనికి పూర్తిగా వేరే కథ బావ చెప్పిన ఖేజ్రీది. ఖేజ్రీ అంటే వేరే ఏదో కాదు, మన దసరా జమ్మి. దాన్ని నరకొద్దని 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో అమృతాదేవితో మొదలై 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. రైతులు పొలంలో జమ్మిని ఉంచి దాని కిందే సజ్జ వేస్తారు. లోతుగా పోయే వేరు నీళ్ళ కోసం పైరుతో పోటీ పడదు, రాలిన ఆకు నేలకి చేరుతుంది, మేకలు నీడకొచ్చి పెంటికలు వేస్తాయి. చెట్టు కింది మట్టిలో సేంద్రియ కర్బనం, నత్రజని బయటి ఇసకలో కంటే ఎక్కువని శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. "అక్కడి ముసలాళ్ళకి అది కొలవకుండానే తెలుసురా" అన్నాడు బావ.

మూడో గుంట కోసం మేము వెతకలేదు. ఎండకి తట్టుకోలేక నీళ్ళడుగుదామని రేవు పక్కనున్న ఒక పేటలోకి వెళ్ళాం, అంతా తెలుగు మాట్లాడే చేపలవాళ్ళే. ఒక ముసలమ్మ పెరట్లో పొన్న, కానుగ, జీడి, రెండు తాటిచెట్లు, గట్టు మీద మొగలి, ఒక మూల అరటి. నాలుగు మేకలు. "మామ్మా, ఇక్కడ కొంచెం తవ్వుకోవచ్చా?" అంటే వింతగా చూసి "తవ్వుకో బాబూ, ఏటుందని అందులో?" అంది.

ఏముందో చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇసకే, కానీ నల్లగా, చేత్తో నొక్కితే ముద్ద కట్టి, వేలితో పొడిస్తే గుల్లగా విడిపోయింది. తెల్లటి సన్న దారాల్లాంటి బూజు, పీచు వేళ్ళు, ఆ మే ఎండలో కూడా జానెడు లోతున చల్లదనం, అరటి మొదట్లో ఒక వానపాము. నీళ్ళు పోస్తే గుటక గుటకగా తాగినట్టు ఇంకాయి, గుంట పక్కలు జారలేదు. తుక్కులో అన్ని రకాలూ కలిసి ఉన్నాయి. కానుగ ఆకు పల్చగా ఉండి నత్రజనితో తొందరగా కుళ్ళి మిగతా వాటిని కుళ్ళబెట్టే జీవులకి మేత అవుతుంది, పొన్న, జీడి ఆకులు మందంగా ఉండి నెలల తరబడి నేలని కప్పుతాయి. ఒక వేరు పైన పరుచుకుంటుంది, ఇంకోటి లోతుకి దిగుతుంది. గాల్లో వచ్చే సన్న దుమ్ము ఆ పొదల దగ్గర ఆగి ఇసకలో చేరుతుంది. చైనాలోని షాపొతోలో 1950ల్లో రైలు పట్టాల మీదికి ఇసక రాకుండా గడ్డిని మీటరుకో గడిగా పాతి, గడుల్లో ఎడారి పొదలు పెంచారు. అక్కడ ఏళ్ళు గడిచేకొద్దీ అలా ఆగిన దుమ్మే నాచుతో కలిసి పైన మట్టి పెచ్చు కట్టింది. ఎడారిలో దశాబ్దాలు పట్టిన పని ఈ పెరట్లో మేకల సాయంతో, వానల సాయంతో త్వరగా అయిపోయినట్టుంది.

2013 అక్టోబరులో ఫైలిన్ ఇక్కడే తీరం దాటింది కదా, అప్పుడేమైందని అడిగాను. జీడి పడిపోయిందట, కానుగ కొమ్మలు విరిగాయట, పొన్నా తాటిచెట్లూ నిలబడ్డాయట. "జీడి మళ్ళీ వేశాను, రెండో ఏడే మొదలు బలిసిపోనాది" అంది. కలిపి వేసిన తోట తుఫానుకి పడదని నేను చెప్పను, మా కవిటి తోటలో కొబ్బరి, పనస, జీడి అన్నీ కలిసే ఉండేవి, అన్నీ పడ్డాయి. కానీ పడ్డాక లేవడానికి కింద మట్టి మిగిలింది. ఆ ఎకరాన్ని ఇన్నేళ్ళు ఉత్తగా వదిలేసి ఆ మట్టిని ఎండకీ గాలికీ మేమే పోగొట్టుకుంటున్నామని అక్కడ కూర్చున్నప్పుడు తట్టింది.

రాత్రి డాబా మీద బావ ఒక జాగ్రత్త చెప్పాడు. కలిపి వేస్తున్నాం కదా అని కిక్కిరిసి వేస్తే చెట్లే నేల నీటిని తాగేస్తాయని. నిజమే, చైనా లోయెస్ పీఠభూమిలో వాన తక్కువున్న చోట దట్టంగా చెట్లు పెంచితే లోతున మట్టి ఎండిపోయి పొరలా తయారైంది. మా దగ్గర వాన ఎక్కువే అయినా వేసవిలో బావి అడుగు కనిపిస్తుంది. అందుకని కాగితం మీద గీసుకున్నాం: సముద్రం వైపు మూడు వరసల సరుగుడు, దాని ముందు మొగలి, వెనక ఎడం ఎడంగా పొన్న, కానుగ, జీడి, ఒకటి రెండు జమ్మి, మధ్యలో ఏడాదికో పప్పు పైరు. తుక్కు ఊడ్చకూడదు.

నాన్నకి ఫోన్‌లో అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. సరుగుడు మూడు వరసలు చాలవు, అయిదు ఉండాలన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేసే ముందు "ఆ ముసలావిడ పెరట్లో పొన్నకాయలు రాలి ఉంటే ఓ సంచీడు ఏరుకురా, తొలి వానకి నారు పోద్దాం" అన్నాడు. మర్నాడు తిరుగు రైలుకి ఇంకా మూడు గంటలుందనగా మళ్ళీ ఆ పేటకి బండి తీశాం.