పండగ ఫోటోలో లేని చుట్టాలు

ఊరొదిలి వచ్చినవాళ్ళం పిల్లలకు ఊరిని చూపించే పద్ధతి ఒకటుంటుంది. బెంగళూరు మడివాళలో రాత్రి బస్సెక్కించి తెల్లారి దింపుతాం. ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు, కొత్త బట్టలు అన్నీ అయ్యాక డాబా మీద అందర్నీ వరసగా నిలబెట్టి ఒక ఫోటో తీసి, మళ్ళీ బస్సెక్కించేస్తాం. ఆ ఫోటోలో ఎవరున్నారో పిల్లలకు బాగానే తెలుసు. ఎవరు లేరో, ఎందుకు లేరో మాత్రం మనం చెప్పం. మాట అటు వెళ్తే గొంతు తగ్గిస్తాం. పిల్లలు చెవులు రిక్కిస్తే "నువ్వెళ్ళి ఆడుకో" అంటాం.

మా ఇంట్లో అలాంటి సంగతులన్నీ ఈ జనవరిలో బయటపడ్డాయి, అదీ ఒక కన్నడ సినిమా వల్ల.

మా పుట్టిల్లు నరసరావుపేట దగ్గర పల్లె. మావారిది హిందూపురం. పిల్లలిద్దరూ మారతహళ్ళి వైపే పుట్టి పెరిగారు. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నోడు ఐదు. కర్ణాటక 2015లో చేసిన చట్టం పుణ్యమా అని ఏ సిలబస్ బడిలో చదివినా కన్నడం నేర్చుకోవాల్సిందే. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళలో దీని మీద సణిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం సణగను. నీళ్ళు తాగేది ఈ ఊళ్ళో, మాట మాత్రం పక్కూరిది అంటే ఎలా?

ఇక సినిమా సంగతి. దానికి ముందు మా అమ్మాయి ఇంకో సినిమా చూసింది, 'లిటిల్ మిస్ సన్‌షైన్' అని 2006లో వచ్చిన అమెరికన్ సినిమా. కూతురు అందాల పోటీలో పాల్గొనాలని ఒక కుటుంబం మొత్తం పసుపు రంగు పాత ఫోక్స్‌వాగన్ వ్యానులో కాలిఫోర్నియాకు బయల్దేరుతుంది. క్లచ్ పోయిన బండి అది. అందరూ దిగి తోసి, అది కదిలాక పరిగెత్తుకెళ్ళి ఒక్కొక్కరే లోపలికి దూకాలి. గెలవడమెలాగో తొమ్మిది మెట్లలో నేర్పిస్తానని తిరిగే తండ్రి తనే ఎక్కడా గెలవడు. కొడుకు పైలట్ అయ్యేదాకా నోరు విప్పనని మౌనవ్రతం పట్టాడు. తాత దారిలో పోతే శవాన్ని ఆసుపత్రి నుంచి దొంగతనంగా బయటికి తెచ్చి బండిలో వేసుకుని మళ్ళీ బయల్దేరతారు. నేనూ పక్కన కూర్చుని కొంత చూశాను. ఆ తాత నోటి మాటలు విన్నాక రిమోట్ కోసం తడుముకున్న మాట నిజమే కానీ సినిమా మాత్రం భలే ఉంది.

అయ్యాక మా అమ్మాయి తీరిగ్గా ఒక మాటంది. "మన దగ్గర ఇంత పిచ్చి ఫ్యామిలీలు ఉండవు కదమ్మా. మనవాళ్ళందరూ మంచోళ్ళే."

నాకు నవ్వాగలేదు. పదిహేనేళ్ళుగా మేం చూపించిన ఫోటో అంత బాగా పనిచేసిందన్నమాట.

ఆ సంక్రాంతికి మేం ఊరెళ్ళలేదు. అత్తయ్యగారే హిందూపురం నుంచి వచ్చారు, వస్తూ ఒక సంచీ అనపకాయలు మోసుకొచ్చారు. ముందు రోజు ఒలిచి నానబెట్టిన గింజల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కో గింజను నొక్కి తొక్క వదిలిస్తూ టీవీ ముందు కూర్చున్నారు. పితికిపప్పు చేయడమంటే ఒక పూట పని, దానికి సినిమా తోడుండాలి. "అందరం చూసేది ఏదైనా పెట్టు" అన్నారు. నేను 'తిథి' పెట్టాను.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రామ్ రెడ్డి తీసిన మొదటి సినిమా ఇది. 2015లో లొకార్నో చిత్రోత్సవంలో బహుమతి గెలిచింది, తర్వాత ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ అవార్డూ వచ్చింది. నటులంటూ ఎవరూ లేరు, మండ్య జిల్లా పల్లెల్లోని మామూలు మనుషులే అందరూ. నూటొక్క ఏళ్ళ సెంచురీ గౌడ రోడ్డు వారన కూర్చుని వచ్చే పోయే వాళ్ళందరినీ బూతులు తిట్టి, లేచి పక్కకు వెళ్ళి, అక్కడే కూలిపోతాడు. పదకొండో రోజు తిథి, అంటే కర్మ, పెట్టి ఊరందరికీ వేటమాంసంతో భోజనాలు పెట్టాలి. కొడుకు గడ్డప్ప గడ్డం పెంచుకుని, బీడీ కాల్చుకుంటూ, టైగర్ బ్రాందీ సీసాతో పొలాల వెంట తిరిగే మనిషి. అతనికి ఈ లోకంతో పనిలేదు. మనవడు తమ్మణ్ణకు మాత్రం ఐదెకరాల భూమితో చాలా పనుంది. అది అమ్మాలంటే తండ్రిని దాటుకుని తన పేరు మీదికి రావాలి. గడ్డప్ప ఆఫీసుల చుట్టూ తిరగడానికి ఒప్పుకోడు. అందుకని తమ్మణ్ణ ఏం చేస్తాడంటే, బతికున్న తండ్రికి చచ్చిపోయినట్టు సర్టిఫికెట్ పుట్టిస్తాడు. డబ్బిచ్చి దేశాటనకు పంపించేస్తాడు. ముసలాయన ఊళ్ళో కనబడితే కాగితం అబద్ధమైపోతుంది మరి. మునిమనవడు అభికి ఇవేవీ పట్టవు, గొర్రెలు మేపుకునేవాళ్ళ అమ్మాయి వెంట తిరుగుతుంటాడు.

మొదటి నిమిషంలోనే, కింద అక్షరాలు పడకముందే, అత్తయ్యగారు పకపకా నవ్వారు. "మా వెనకింటి ముసలాయప్ప మాదిరే ఉండాడు కదప్పా! వాడూ ఇంతే, ఆడోళ్ళు మొగోళ్ళు అని చూడకుండా తిడతా ఉండె." చిన్నోడూ ఆవిడతోపాటే నవ్వాడు. పార్కింగులో క్రికెట్ ఆడేచోట వాడికి ఆ కన్నడం బాగానే అబ్బినట్టుంది, ఏ మాటకు నవ్వాడో అడగదలుచుకోలేదు. నేనూ పెద్దదీ సబ్‌టైటిల్స్ చదువుకుని వాళ్ళకంటే రెండు క్షణాలు వెనక నవ్వుతున్నాం. అవ్వా మనవడూ ఒక జట్టు, మేం ఒక జట్టు. బడి కన్నడంలో తొంభై మార్కులు తెచ్చుకునే పెద్దదానికి మండ్య యాస ముందు అవేవీ అక్కరకు రాలేదు.

సినిమా మధ్యలో గడ్డప్ప మంట దగ్గర కూర్చుని తండ్రి తనకు చేసిన ద్రోహం చెబుతాడు. అది పిల్లల ముందు కూర్చుని వినగలిగిన మాట కాదు. మావారు లేచి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి, మళ్ళీ తాగారు. అత్తయ్యగారు మాత్రం గింజలు పితుకుతూనే, "అందుకే ఇల్లు పట్టకుండా తిరగతా ఉండాడు పాపం" అన్నారు, వంకాయలు పుచ్చిపోయాయని చెప్పినంత మామూలుగా. మేం మూసిపెట్టే సంగతులు ఆవిడకు రోజూ వీధి అరుగు మీద వినబడ్డవే.

మావారికి సినిమా నచ్చలేదు. చావు మీద నవ్వేమిటని ఆయన బాధ. "బలగం కూడా చావే కదా, అది చూసి ఏడ్చాం, బాగుంది" అన్నారు. నిజమే, 2023లో ఆ తెలుగు సినిమా వచ్చినప్పుడు మా ఇంట్లో ఏడవనివాళ్ళు లేరు. కాకి పిండం ముట్టకపోవడం, నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన పంతం ఇరవై ఏళ్ళు నడవడం చూసి తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరంతా కలిసి ఏడ్చారు. కానీ అందులో చివరికి అందరూ కలుస్తారు. కళ్ళు తుడుచుకుని లేవొచ్చు. తిథిలో ఎవరూ కలవరు, ఎవరికీ బుద్ధి రాదు, క్షమాపణ అడగాలని కూడా ఎవరికీ తోచదు. బలగం గొప్పతనం బలగానిదే కానీ, పిల్లలకు మన కుటుంబాలను చూపించడానికి నాకైతే తిథే ఎక్కువ పనికొచ్చింది. ఎందుకంటే మా ఇంట్లో కూడా చివరి సీను ఇంకా రాలేదు.

అమెరికా సినిమాకూ దీనికీ తేడా మా అమ్మాయే పట్టుకుంది. "వాళ్ళ గొడవంతా ఎవడికి వాడు ఏమవ్వాలన్న దాని మీద. వీళ్ళదేమో ఎవరి సంతకం ఎక్కడ పడాలన్న దాని మీద." ఆ మాట విన్నాక ఇక ఆగలేక మా మేనత్త కథ చెప్పేశాను.

మా నాన్నకు ఒక్కతే చెల్లెలు. 1984లో పెళ్ళయింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ మగపిల్లాడితో సమానంగా వాటా ఉండాలని ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది. దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించదు. 2005లో దేశమంతటికీ చట్టం మారినా, అప్పటికే రిజిస్టరు అయిపోయిన పంపకాలను ముట్టుకోలేదు. ఇదంతా విని పెద్దది కాసేపు వేళ్ళ మీద లెక్కేసింది. "అంటే ముహూర్తం ఇంకో ఏడాదిన్నర తర్వాత పెట్టుంటే పొలం వచ్చేదా? అయితే తప్పంతా పంతులుగారిదే."

1996లో మా తాత పోయాడు. తాత సొంత వాటాలోంచి కూతురికి రావాల్సిన చిన్న ముక్క మాత్రం మిగిలింది. దాన్ని అన్నకు వదిలేస్తున్నట్టు ఆవిడ సంతకం కావాలి. పసుపు కుంకుమ కింద ఎకరం ఇస్తానని మా నాయనమ్మ ఎప్పుడో అన్నదని ఆవిడ వాదన. అలా ఎవరూ అనలేదని మా నాన్న వాదన. పెద్దకర్మ రోజు పంక్తిలో కూర్చుని అన్నం కలుపుకుంటున్న మా మేనత్త ముందు ఎవరో స్టాంపు కాగితం పెట్టారు. ఆవిడ పప్పన్నం చేత్తోనే పెన్ను లాక్కుని, సంతకం గీకి, "ఇక తినండి" అని విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. అప్పుడు నేను బడికెళ్ళే పిల్లని. పక్క పంక్తిలో కూర్చుని రెండో బూరె కోసం ఎదురు చూస్తున్నాను. ఆ తర్వాత నాకు ఎవరూ బూరె వడ్డించలేదు.

అసలు వినోదం ఆ తర్వాతిది. పప్పు మరకకు అక్షరాలు అలుక్కుపోయి ఆ కాగితం పనికిరాలేదు. మళ్ళీ సంతకం కావాలి. మా నాన్న చెల్లెలి ఊరికి తిరగడం మొదలుపెట్టారు. వెళ్ళినప్పుడల్లా ఆవిడ కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, కాఫీ ఇచ్చి, పొలం తప్ప లోకంలోని కబుర్లన్నీ చెప్పి, చివర్లో పెన్ను విదిలించి "అన్నయ్యా, సిరా లేదు" అనేదట.

పిల్లలిద్దరూ సోఫా మీద పడి పడి నవ్వారు. వాళ్ళ తాతయ్యను ఇన్నేళ్ళూ బస్టాండులో నోట్లు చేతిలో పెట్టే మనిషిగానే చూశారు. ఆయన ఎర్రటి ఎండలో చెల్లెలి ఇంటి ముందు సైకిలు స్టాండు వేస్తున్నట్టు ఊహించుకోవడం వాళ్ళకు అదే మొదటిసారి. మావారు మాత్రం ముఖం చిట్లించారు. పిల్లల మనసులో తాత మీద గౌరవం పోతుందని ఆయన భయం. నేను ఒప్పుకోను. అరిసెలు పెట్టే తాతను ఏ పిల్లలైనా రెండేళ్ళకోసారి చూసి మర్చిపోతారు. చెల్లెలి చేతిలో ఓడిపోయి కాఫీ తాగి తిరిగొచ్చిన తాత వాళ్ళకు గుర్తుంటాడు. దూరాన పెరిగే పిల్లలకు ఊరితో పండగల చుట్టరికం ఒక్కటే ఉంటే, పండగ మానేసిన ఏడాది అదీ పోతుంది. గొడవ అలా కాదు. దాంట్లో ఎవరు ఎవరి పక్షమో తేల్చుకోవాలంటే మనుషుల పేర్లు, వరసలు, పొలం గట్లు అన్నీ తెలియాలి.

మర్నాడు తాతయ్య ఫోన్ చేస్తే చిన్నోడే ఎత్తాడు. నేను అందుకునేలోపే అడిగేశాడు: "తాతయ్యా, మీ చెల్లెలి పెన్నులో ఇంకు వచ్చిందా?"

అవతల కాసేపు మాట లేదు. నా గుండె జారింది. తర్వాత మా నాన్న గొంతు వచ్చింది, ఫోను స్పీకరులో ఉందని తెలియనట్టు పెద్దగా. "మీ అమ్మ చెప్పిందా? మీ అమ్మకేం తెలుసు, అప్పుడది బూరెలు తింటోంది. సిరా లేదన్నది ఒక్కసారే. మిగతా అన్నిసార్లూ కళ్ళజోడు కనబడలేదంది. నెత్తి మీద పెట్టుకునే!"

ఆ పూట ఆయన చాలాసేపు మాట్లాడారు. నాతో ఎప్పుడూ అనని మాటలు మనవలతో అన్నారు. మరక పప్పుది కాదట, పులుసుదట. అన్నం ముందు కాగితం పెట్టింది తను కాదట, ఎవరో పెద్దమనిషి తొందరపడ్డాడట. పెద్దది అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంది. ఎండాకాలంలో మా మేనత్త మనవడి పంచెల ఫంక్షన్ ఉంది, వాట్సాప్‌లో శుభలేఖ వచ్చింది. దానికి వెళ్ళి ఆవిడ చెప్పేది కూడా రాసుకుంటానంటోంది. వద్దని మా తమ్ముడు ఇప్పటికే ఫోన్ చేశాడు. నేను ఇంకా ఏమీ తేల్చలేదు.

"పిల్లకు ఇవన్నీ ఎందుకు నూరిపోస్తారు" అని మావారు ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ మొదలుపెట్టారు. పితికిపప్పు పులుసు వడ్డిస్తున్న అత్తయ్యగారు గరిటె ఆపి మనవరాలి వైపు తిరిగారు.

"అవన్నీ మీ అమ్మ పక్కవి పాపా. మీ నాయన పక్కవి చెప్తా రాసుకో. మీ తాత పోయినప్పుడు బీరువా తాళం..."

మావారు లేచి టీవీ సౌండు పెంచారు.