తాతయ్య చెప్పిన పార్కింగు బల్బు

"సరిగ్గా చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా" అనే బెదిరింపు వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు, ఎందుకంటే నాన్న పనిచేసేదే షెడ్డులో. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి ఎలక్ట్రికల్ పని. సెల్ఫ్ మోటార్లు విప్పి బాగుచేయడం, డైనమోలు చూడడం, వైరింగు కాలిపోయిన బండికి మొత్తం కొత్తగా లాగడం. సాయంత్రం ఇంటికొచ్చి ముందు కిరోసిన్‌తో, తర్వాత సబ్బుతో చేతులు రుద్దుకుని, అప్పుడే మమ్మల్ని దగ్గరికి తీసుకునేవారు. నన్ను మాత్రం షెడ్డు గుమ్మం తొక్కనివ్వలేదు. ఆడపిల్లనని కొంత, చదువుకునే పిల్లనని చాలా. ఆయన కోరుకున్నట్టే ఇంజనీరింగు చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో మిషిగన్ వచ్చేశాను.

ఇక్కడ పిల్లలకి మన సంస్కృతి అందించాలని అందరిలాగే మేమూ తాపత్రయపడ్డాం. ఆదివారం తెలుగు బడి, కూచిపూడి, సంక్రాంతికి హాలు అద్దెకు తీసుకుని ముగ్గుల పోటీలు. ఇవన్నీ నాకు ఇష్టం. కానీ వారం వారం వీడియో కాల్‌లో మా అమ్మాయికీ తాతయ్యకీ మధ్య నడిచేది మూడు ముక్కలే. "తిన్నావా అమ్మలూ?" "తిన్నాను తాతయ్యా." "బాగా చదువుకుంటున్నావా?" "ఆఁ." అంతటితో ఫోను నా చేతిలోకి వచ్చేసేది. ప్రేమ లేక కాదు. ఇద్దరికీ కలిపి మాట్లాడుకోవడానికి ఒక విషయమంటూ లేదు.

ఆ విషయం పాత కారు రూపంలో దొరికింది.

మిషిగన్‌లో 16 ఏళ్ళు నిండాక, కొన్ని షరతులతో, పిల్లలు ఒంటరిగా బండి నడపొచ్చు. అంతకు ముందు పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని 50 గంటలు నడపాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. అవన్నీ పూర్తిచేసిన పిల్లకి 2006 మోడల్ సెకండ్ హ్యాండ్ సెడాన్ ఒకటి కొన్నాం. రోజూ తిప్పినంతకాలం బాగానే ఉంది. చలికాలం సెలవుల్లో నాలుగైదు రోజులు కదపకుండా ఉంచి తాళం తిప్పితే టిక్కుటిక్కుమని చప్పుడు తప్ప ఇంజను తిరగలేదు. ఇంకో కారు బ్యాటరీకి జంపర్ కేబుల్స్ తగిలించి లేపాం. మళ్ళీ నిలబెడితే మళ్ళీ అదే తంతు. విడిభాగాల దుకాణంలో టెస్ట్ చేసి బ్యాటరీ బాగానే ఉందన్నారు. ఒక షాపు వాళ్ళు మీటరు పెట్టి చూడకుండానే బ్యాటరీ, ఇంజను నడుస్తుంటే దాన్ని ఛార్జి చేసే ఆల్టర్నేటరు, రెండూ మార్చాలని పెద్ద ఎస్టిమేటు చేతిలో పెట్టారు.

ఆ ఎస్టిమేటు సంగతి నాన్నకి చెబితే ఒకటే అడిగారు. "ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద ఎన్ని వోల్టులు ఉన్నాయమ్మా?" కొలిస్తే 14.2. అంటే ఆల్టర్నేటరు ఛార్జింగు ఇస్తోంది, దాని జోలికి వెళ్ళక్కర్లేదు. పూర్తిగా ఛార్జి చేసి కాసేపు ఆపి చూస్తే 12.6, రెండు రోజులు నిలబెట్టి చూస్తే 12.3. "బండి ఆపాక కూడా లోపల ఎవరో కరెంటు తాగుతున్నారు. వాణ్ణి పట్టుకోవాలి" అన్నారు.

శనివారం ఉదయం మాకు తొమ్మిదైతే వాళ్ళకి రాత్రి ఏడున్నర. నాన్న టిఫిన్ కానిచ్చి ఫోను ముందు కూర్చున్నారు. మా గరాజులో ఫోనుని బానెట్‌కి ఆనించి పెట్టాం. మొదటి ఆదేశం కారు గురించి కాదు. "ఆ చేతి గొలుసు తియ్యి తల్లీ. జుట్టు ముడేసుకో. నువ్వు కూడా గాజులు తియ్యమ్మా." చేతి గొలుసు ప్లస్ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య తగిలితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. ఉంగరం వేలి మీద ఉన్న మచ్చని కెమెరాకి దగ్గరగా పెట్టి చూపించారు. చిన్నప్పటి నుంచీ నేను చూస్తున్న మచ్చే. షెడ్డులో పెళ్ళి ఉంగరం బ్యాటరీకి తగిలి కాలిందని ఆ రోజు మనవరాలికి చెబుతుంటే విన్నాను.

తర్వాత చిన్న పార్కింగు బల్బు, అయిదు వాట్లది, రెండు వైర్లు కట్టి తెమ్మన్నారు. పది నంబరు పానాతో బ్యాటరీ మైనస్ కేబుల్ ఊడదీసి, ఆ కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య బల్బు కలపాలి. అన్నీ ఆపేసి ఉన్న కారులో అది వెలగకూడదు. "మీటరు ఉంది కదా, డైరెక్టుగా అది పెట్టేద్దాం తాతయ్యా" అంది మా అమ్మాయి. "పెడదాం. కానీ నువ్వు మరిచిపోయి తలుపు తీశావనుకో, తాళం తిప్పావనుకో, మీటరు ఫ్యూజు ఎగిరిపోద్ది. బల్బుకైతే ఏం కాదు, గట్టిగా వెలుగుద్ది అంతే." ఇది పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు. ఎన్ని మీటర్లు మాడ్చుకుంటే వచ్చిన తెలివో అది.

కారులో చిన్న చిన్న కంప్యూటర్లు ఉంటాయి. బండి ఆపిన వెంటనే అవి పడుకోవు, ఒక్కోసారి అరగంట పైనే పడుతుంది. అందుకని తాళంచెవి ఇంట్లో పెట్టేసి, ఫ్యూజుల దాకా చెయ్యి వెళ్ళాలి కాబట్టి డ్రైవరు తలుపు తెరిచే ఉంచి, దాని లాచ్‌ని (తలుపు పట్టుకునే కొక్కేన్ని) స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితిలోకి నొక్కాం. కారు మాత్రం తలుపు వేసే ఉందనుకుంటుంది. బాగా సేపు ఆగి చూసినా బల్బు నారింజ రంగులో వెలుగుతూనే ఉంది. అప్పుడు మీటరు పెడితే 0.31 ఆంపియర్లు. మామూలుగా 0.05 లోపు ఉండాలి. మా అమ్మాయి గరాజు గోడ మీదున్న వైట్‌బోర్డు మీద లెక్క కట్టింది. రోజుకి దాదాపు 7.4 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ మొత్తం 50. వారంలోపే ఖాళీ, గడ్డకట్టే చలిలో ఇంకా ముందే. అంకెలు చదివి వినిపిస్తుంటే నాన్న కళ్ళు మూసుకుని తలాడించారు.

ఇక ఫ్యూజులు. డాష్‌బోర్డు కింద ఉన్నవి ఒక్కొక్కటే పీకి మీటరు చూడడం, పెట్టేయడం. ఏ ఒక్కదానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు ఓపిక సన్నగిల్లింది గానీ ఆ పిల్లకి తగ్గలేదు. బానెట్ కింద పెట్టెలో పెద్ద ఫ్యూజుల దాకా వచ్చేసరికి, ఇగ్నిషన్ స్విచ్‌కి వెళ్ళేది తియ్యగానే అంకె 0.02కి పడింది. నాన్న వెంటనే అన్నారు. "తాళం దగ్గర చూడండి. ముందు ఓనరు ఏదో పెట్టించి ఉంటాడు. కంపెనీ పెట్టింది ఇలా చెడిపోవడం తక్కువ, మధ్యలో తగిలించిందే ఎక్కువ."

స్టీరింగు దగ్గర పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటిని ముట్టుకోకూడదు. నాన్న కాలం లారీల్లో అవి లేవు, ఆ సంగతి మేమే ఆయనకి చెప్పాం. బ్యాటరీ విప్పి, కాసేపు ఆగి, కింది ప్లాస్టిక్ ప్యానెల్ తీస్తే నల్ల టేపు చుట్టిన వైర్ల ముద్ద, దాని వెనక అరచేయంత పెట్టె. రిమోట్ స్టార్టర్. మంచు ప్రాంతాల్లో చాలామంది బయట పెట్టించుకుంటారు. రిమోటు మాకు రాలేదు కాబట్టి అదొకటి ఉందనే తెలియదు.

"అదేం చేస్తుందమ్మలూ?" అని నాన్న అడిగారు. మా అమ్మాయి వివరించడం మొదలుపెట్టింది. మంచు పడినప్పుడు ఇంట్లోంచే బటన్ నొక్కితే కారు స్టార్ట్ అవుతుందని, మనం వెళ్ళేసరికి లోపల వెచ్చగా ఉంటుందని. తెలుగు బడిలో నేర్చుకున్న వాక్యాలు ఇక్కడికి సరిపోలేదు. తడుముకుంది, చేతులతో చూపించింది, నా వైపు తిరిగింది. నేను ఒక మాట అందిస్తే మిగిలినది తనే పూర్తిచేసింది. "మరి బండి గేరులో ఉంటే? పిల్లలెవరైనా ముందు నిలబడి ఉంటే?" అన్నారు నాన్న. దానికి జవాబు వెతికి, పార్క్‌లో లేకపోతే స్టార్ట్ కాకూడదనీ, కీ లేకుండా బ్రేకు తొక్కితే ఆగిపోవాలనీ చదివి చెప్పింది. తాతయ్య ఆమెకి పరీక్ష పెట్టడానికి అడగలేదు, తెలుసుకోవడానికి అడిగారు. పదహారేళ్ళ పిల్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఆ పెట్టెకున్న ఫ్యూజు పీకి, బ్యాటరీ మళ్ళీ కలిపి, ఆగి చూస్తే మీటరు 0.02 దగ్గర నిలబడింది. అక్కడితో వదిలేద్దామన్నాను. నాన్న ఒప్పుకోలేదు. పెట్టె పూర్తిగా తీసెయ్యాలి, కోసిన ప్రతి వైరూ టంకం పెట్టి, స్లీవు వేసి వేడి చెయ్యాలి, వట్టి టేపు చుడితే ఎండాకాలానికి జిగురు కారి ఊడిపోతుంది. ఆ పని మర్నాడు చేశారు. మా అమ్మాయి పెట్టిన మొదటి అతుకు చూసి "ఇది మళ్ళీ పెట్టు" అన్నారు. మళ్ళీ పెట్టింది. చేతిపని తెలిసిన మనిషి ముఖస్తుతి చెయ్యరు, అది ఆ పిల్లకి నచ్చింది.

పని మధ్యలో తనే అడిగింది. "ఇదంతా అమ్మకి ఎందుకు నేర్పలేదు తాతయ్యా?" నాన్న కాస్త ఆగి చెప్పారు. "ఆ రోజుల్లో గ్రీజు చేతులకి మర్యాద లేదమ్మా. మీ అమ్మకి అది అంటకూడదనుకున్నా."

ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ గౌరవం కోసమే ఎండలో లారీల కింద పడుకున్నారు. కానీ ఆ భయాన్ని మనం సముద్రాలు దాటించి పిల్లలకి అంటించాల్సిన పని లేదని గట్టిగా నమ్ముతున్నాను. ఇక్కడ మన పార్టీల్లో పిల్లల్ని హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి ఏపీ కోర్సులు ఎన్ని తీసుకున్నారని అడుగుతాం, కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష స్కోరు అడుగుతాం. వాళ్ళ తాతలు ఏం పని చేసేవారో, అది ఎలా చేసేవారో ఎవరం చెప్పం. మగ్గం నేసినవాళ్ళు, రేడియోలు బాగుచేసినవాళ్ళు, బావులు తవ్వినవాళ్ళు మనలో ఎంతమంది ఇళ్ళలో లేరు? పిల్లలకి మనం ఇవ్వాల్సిన సంస్కృతిలో ఆ పనితనమూ భాగమే. స్టేజీ మీద వేసే నాట్యానికి ఎంత విలువ ఇస్తామో దానికీ అంతే ఇవ్వాలి.

వచ్చే ఏడాది హైస్కూల్లో కాల్క్యులస్‌తో పాటు ఆటో టెక్నాలజీ క్లాసు కూడా తీసుకుంటానంది. ఫారం మీద సంతకం పెట్టాను. "అదెందుకు, ట్రాన్స్‌క్రిప్టులో, అదే మార్కుల జాబితాలో, బాగుండదు" అని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. మా నాన్న ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ అని ఆమెకి చెప్పాను. ఇన్నేళ్ళ పరిచయంలో ఆ సంగతి ఎప్పుడూ రాలేదు. వాళ్ళ వ్యాన్‌కి కూడా పొద్దున్నే సెల్ఫ్ సరిగ్గా కొట్టట్లేదట, శనివారం తీసుకురమ్మన్నాం.